హైస్కూల్ బేస్‌బాల్ పిచర్ నిజంగా ఎంత స్పీడ్ వేయగలడు? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటున్న మన తెలుగు ఇళ్లలో బేస్‌బాల్ ఆడే పిల్లలు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. అమ్మానాన్నలు ఆ ఆట చూస్తూ పెరిగినవాళ్లు కాదు కాబట్టి, పిల్లవాడు పిచర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు) అయితే అందరూ ముందు పట్టుకునేది ఒకే అంకెని: "మావాడు ఎంత స్పీడ్ వేస్తున్నాడు, అది చాలా?" మా అబ్బాయి జట్టులో స్కోరు రాసేదీ, బంతి స్పీడ్ కొలిచే రాడార్ గన్ పట్టుకునేదీ చాలాసార్లు నేనే కావడంతో ఈ ప్రశ్నలన్నీ నా దగ్గరికే వస్తుంటాయి. ప్రతి ఒక్కరికీ వాట్సాప్‌లో విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసేస్తే పోతుందనిపించింది.

కింద ఎక్కడ "మైళ్లు" అన్నా గంటకు అన్ని మైళ్లు అని అర్థం. కిలోమీటర్లు కావాలంటే 1.61తో హెచ్చవేసుకోండి. 75 అంటే 121 కిలోమీటర్లు, 80 అంటే 129, 90 అంటే 145.

సూటిగా చెప్పండి, ఏ క్లాసులో ఎంత వేస్తే మామూలు?

ఇక్కడ హైస్కూల్ అంటే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా. తొమ్మిదిలో చేరిన 14 ఏళ్ల పిల్లవాడు 65 నుంచి 72 మధ్య వేస్తున్నాడంటే దిగులు పడాల్సిన పనేమీ లేదు, చాలామంది అక్కడే ఉంటారు. ఆ వయసులో 75 వేస్తే కోచ్ పేరు గుర్తుపెట్టుకుంటాడు. పదో తరగతికి 70–76, పదకొండుకి 74–80, పన్నెండులో వార్సిటీకి, అంటే స్కూల్ మెయిన్ జట్టుకి ఆడేవాడు 77–84. ఇవి గీత గీసినట్టు ఉండే అంకెలు కావు. టెక్సస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియాల్లో ఏడాదంతా ఎండలో ఆడే పెద్ద స్కూళ్లలో అన్నీ ఇంకో రెండు మూడు మైళ్లు పైకి జరుగుతాయి. చిన్న ఊళ్ల స్కూళ్లలో 76 వేసేవాడే జట్టుకి మెయిన్ పిచర్, వాడితోనే జిల్లా మ్యాచ్‌లు గెలుస్తారు కూడా.

85 దాటితే ఎవరో ఒకరు గన్ పట్టుకుని చూడ్డానికి వస్తారు. 90 అంటే మీ లీగ్ మొత్తంలో ఒకడు ఉంటే ఉంటాడు, లేకపోతే లేదు.

ఇంకో మాట. మిడిల్ స్కూల్ వయసులో చాలామంది 50, 54 అడుగుల నుంచి వేస్తారు. హైస్కూల్‌కి వచ్చేసరికి మౌండ్ (పిచర్ నిలబడే మట్టి దిబ్బ) నుంచి హోమ్ ప్లేట్ (బ్యాటర్ దగ్గరుండే పలక) దాకా 60 అడుగుల 6 అంగుళాలు, అమెరికాలో అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో ఎంతో అంత. గన్ మీద అంకె తగ్గదు గానీ, దూరం పెరిగిందని పిల్లవాడు బలమంతా పెట్టి విసరబోయి కంట్రోల్ పోగొట్టుకుంటాడు. తొమ్మిదో తరగతి మొదటి సీజన్‌లో గురి తప్పిన బంతులు, అంటే "బాల్స్", నాలుగేసి వేసి బ్యాటర్లను ఊరికే బేస్‌కి పంపిస్తుంటే మీరు గ్యాలరీలో తల పట్టుకోకండి, ఏడాది తిరిగేసరికి సర్దుకుంటుంది.

మరి ఇన్‌స్టాగ్రామ్‌లో పదిహేనేళ్ల వాళ్లందరూ 90 వేస్తున్నారే?

అందరూ కాదు, వీడియో పెట్టినవాళ్లు. అమెరికాలో హైస్కూల్ బేస్‌బాల్ ఆడే పిల్లలు నాలుగున్నర లక్షలకు పైనే ఉన్నారు. అందులో కొన్ని వందల మంది అసాధారణంగా వేసినా మీ ఫోన్ రోజంతా నిండిపోతుంది.

పైగా ఆ వీడియో ఒకసారి జాగ్రత్తగా చూడండి. మౌండ్ మీద నిలబడి వేస్తున్నాడా, లేక నాలుగడుగులు పరిగెత్తుకొచ్చి, ఎగిరి, ఎదురుగా ఉన్న వలలోకి బలంకొద్దీ విసిరేస్తున్నాడా? రెండోదాన్ని "పుల్‌డౌన్" అంటారు. అది కేవలం ట్రైనింగ్ కసరత్తు. అందులో వచ్చే అంకె మౌండ్ మీద వచ్చేదానికన్నా ఐదారు మైళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది. స్ట్రైక్ (బ్యాటర్ కొట్టగలిగే పరిధిలో పడే బంతి) పడాలన్న నియమం లేదు, ఎదురుగా బ్యాటర్ లేడు, రెండో బేస్ మీద రన్నర్ లేడు. వీడియో కింద ఆ సంగతి ఎవరూ రాయరు.

నిజంగానే వేసినవాళ్లూ ఉన్నారు, కాదనను. హంటర్ గ్రీన్ కాలిఫోర్నియాలో హైస్కూల్ చదువుతుండగానే 102 తాకాడు, 2017 డ్రాఫ్ట్‌లో (మేజర్ లీగ్ జట్లు ఏటా కొత్తవాళ్లని వంతులవారీగా ఎంచుకునేది) సిన్సినాటి రెడ్స్ జట్టు రెండో పిక్‌గా తీసుకుంది. అలాంటివాడు దేశం మొత్తం మీద ఏ కొన్నేళ్లకో ఒకడు వస్తాడు. అతన్ని చూసి మీ అబ్బాయి మీద టెన్షన్ పెట్టుకోవడం అనవసరం.

పక్కింటి వాళ్లబ్బాయి 84 అంటున్నారు, మ్యాచ్‌లో మాత్రం 79 కనిపిస్తోంది. అబద్ధం చెబుతున్నారా?

అబద్ధం కాకపోవచ్చు. బేస్‌బాల్ వాళ్లు రెండు మాటలు వాడతారు, "సిట్స్" అని, "టచెస్" అని. మ్యాచ్‌లో బంతి తర్వాత బంతి ఎక్కడ నిలకడగా పడుతుందో అది సిట్స్. ఏడాదిలో ఒక మంచి రోజున, గాలి వెచ్చగా ఉండి, ఒళ్లు తేలిగ్గా ఉండి, ఒకే ఒక్క బంతికి కనిపించినది టచెస్. ఈ రెండింటికీ మధ్య మూడు నాలుగు మైళ్ల తేడా ఉండటం సహజం. అమ్మానాన్నలు చెప్పేది ఎప్పుడూ టచెస్, కాలేజీ కోచ్ రాసుకునేది సిట్స్. ఎవరైనా అంకె చెప్తే "ఏ ఇన్నింగ్స్‌లో?" అని అడగండి. మొదటి ఇన్నింగ్స్‌లో 81 వేసి ఐదోదానికి 75కి పడిపోయేవాడికంటే, ఐదోదాకా 78 దగ్గరే ఉన్నవాడిని ఏ కోచ్ అయినా ముందు తీసుకుంటాడు.

మార్చిలో చికాగో దగ్గరో, న్యూజెర్సీలోనో సీజన్ మొదలయ్యేటప్పుడు చేతివేళ్లు కొంకర్లు పోతుంటాయి. ఆ చలిలో చూసిన అంకెనీ, మే నెల అంకెనీ పక్కపక్కన పెట్టి వాదించుకోకండి.

ఒకే పిచ్‌కి (పిచర్ వేసిన ఒకే బంతికి) రెండు గన్‌లు రెండు అంకెలు చూపిస్తాయి. ఏది నిజం?

రెండూ నిజమే కావచ్చు, కొలిచిన చోటు వేరు. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం గొడవలు ఇక్కడే పుడతాయి.

చేతి నుంచి విడిచిన క్షణం నుంచే గాలి బంతిని ఆపుతూ వస్తుంది. చేతి దగ్గర 90 ఉన్న బంతి ప్లేట్ చేరేసరికి 82 దరిదాపుల్లో ఉంటుంది. 80 అయితే 73కి దగ్గరగా. స్టాకర్ లాంటి ఖరీదైన గన్‌లు బంతి చేతి నుంచి రాగానే పట్టేస్తాయి. పాతకాలపు గన్‌లు, కొన్ని చవక గన్‌లు దారిలో ఎక్కడో పట్టుకుంటాయి, అందుకే తక్కువ చూపిస్తాయి. 1974లో మేజర్ లీగ్ పిచర్ నోలన్ ర్యాన్ పిచ్‌ని రాడార్‌తో కొలిస్తే 100.9 వచ్చింది. అప్పుడు కొలిచింది బంతి ప్లేట్‌కి దగ్గరగా వచ్చాక. ఇప్పటి పద్ధతిలో చేతి దగ్గరే కొలిస్తే ఆ బంతి ఇంకా ఎన్నో మైళ్లు ఎక్కువ చూపించేది. మేజర్ లీగ్ కూడా 2017 నుంచి స్టాట్‌కాస్ట్ అనే కొలత వ్యవస్థ ద్వారా చేతి దగ్గరి స్పీడే లెక్కేస్తోంది. అందుకే పాత రికార్డునీ కొత్త రికార్డునీ నేరుగా పోల్చకూడదు. కొత్త పద్ధతిలో రికార్డు అరోల్డిస్ చాప్‌మన్‌ది, 2010 సెప్టెంబర్‌లో శాన్ డియాగోలో వేసిన 105.8.

రెండోది, మీరు నిలబడ్డ చోటు. గన్ తనవైపు నేరుగా వస్తున్న, లేదా తన నుంచి నేరుగా పోతున్న స్పీడ్‌నే కొలవగలదు. పక్కనుంచి, అంటే డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) వైపు నుంచో, మీ ఫోల్డింగ్ కుర్చీలోంచో పట్టుకుంటే తక్కువ చూపిస్తుంది. 20 డిగ్రీలు పక్కకు ఉంటే 80 వేసిన బంతి 75గా కనిపిస్తుంది. కోణం వల్ల అంకె తగ్గుతుందే తప్ప ఎప్పుడూ పెరగదు. క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) వెనక జాలీ దగ్గర, పిచర్‌కి ఎదురుగా నిలబడితే ఈ బాధ ఉండదు.

మా గ్రౌండ్‌లో ఒక శనివారం మధ్యాహ్నం చూస్తే ఆ జాలీ వెనక నలుగురు నాన్నలు, చేతుల్లో నాలుగు పాకెట్ రాడార్‌లు. మౌండ్ మీద పదిహేనేళ్ల వాడు బంతి వేయగానే క్యాచర్ గ్లవ్ వైపు కూడా చూడ్డం లేదు. సూటిగా జాలీ వెనక వాళ్ల నాన్న ముఖం చూస్తున్నాడు. ఆయన వేళ్లతో ఏడు, ఎనిమిది, అంటే 78 అని చూపిస్తే వాడు తర్వాతి బంతిని ఇంకా గట్టిగా లాగుతాడు, అది పోయి వెనక జాలీకి తగులుతుంది. గన్ పట్టుకోండి, తప్పు లేదు. వేళ్లు మాత్రం జేబులో పెట్టుకోండి.

టీవీలో పన్నెండేళ్ల పిల్లవాడు 92కి సమానంగా వేశాడన్నారు. నిజమా?

అది లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్ అయ్యుంటుంది, ఏటా ఆగస్టులో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్ దగ్గర జరుగుతుంది. అక్కడ మౌండ్ దూరం 46 అడుగులే. 70 మైళ్ల బంతి అంత దగ్గర నుంచి వస్తే బ్యాటర్‌కి దొరికే టైమ్, పెద్ద గ్రౌండ్‌లో 92 మైళ్ల బంతికి దొరికే టైమ్‌తో సమానం. 60.5ని 46తో భాగించి 70తో హెచ్చవేస్తే అదే వస్తుంది. లెక్క బ్యాటర్ కష్టం గురించి. ఆ పిల్లవాడి చెయ్యి మాత్రం వేసింది 70యే.

క్రికెట్‌లో మావాడు ఫాస్ట్ బౌలర్. పిచర్‌గా కూడా అంతే స్పీడ్ వస్తుందా?

మన ఇళ్లలో తప్పకుండా వచ్చే ప్రశ్న! రెండూ బంతి విసిరే పనే అయినా ఒళ్లు పనిచేసే తీరు వేరు. బౌలర్ పరిగెత్తుకొచ్చి ఆ ఊపుని బంతిలోకి పంపిస్తాడు, కానీ మోచేయి 15 డిగ్రీలకు మించి చాచకూడదు. పిచర్‌కి పరుగు లేదు, ఒక పాదం రబ్బర్ పలకని తాకుతూ ఉండాలి, కానీ మోచేయి ఎంతైనా వంచి కొరడాలా విదిలించొచ్చు. షోయబ్ అక్తర్ 2003 ప్రపంచకప్‌లో వేసిన 161.3 కిలోమీటర్లు అంటే 100 మైళ్లు. క్రికెట్‌లో దాన్ని దాటిన రికార్డు లేదు. బేస్‌బాల్‌లో మాత్రం 100 దాటించేవాళ్లు ఇప్పుడు డజన్లకొద్దీ ఉన్నారు, మేజర్ లీగ్‌లో ఫాస్ట్‌బాల్ (బలంకొద్దీ నేరుగా వేసే బంతి) సగటే 94 దగ్గర ఉంది. మన హైదరాబాద్ సిరాజ్ 140 కిలోమీటర్లు వేశాడంటే మనం ఆహా అంటాం. అది 87 మైళ్లు. ఏది గొప్ప అన్న పోటీకి ఇందులో చోటు లేదు, నియమాలే వేరు.

క్రికెట్ నుంచి వచ్చిన పిల్లల్లో భుజం బలం ఉంటుంది, ఫీల్డింగ్‌లో బౌండరీ నుంచి విసిరిన అలవాటు పనికొస్తుంది. మౌండ్ మీద ఒంటి కాలు ఎత్తి నిలదొక్కుకుని, తుంటి ముందు తిప్పి భుజం వెనక ఆపడం నేర్చుకోవడానికి ఓ సీజన్ పడుతుంది. 2008లో ఇండియాలో స్పీడ్ పోటీ పెట్టి ఎంపిక చేసిన రింకు సింగ్, దినేష్ పటేల్ ఇద్దరూ ఉత్తరప్రదేశ్ వాళ్లు, జావెలిన్ విసిరేవాళ్లు. బేస్‌బాల్ అంటే ఏంటో తెలియకుండానే రింకు 87 మైళ్లు వేశాడు. ఆ ఏడాదే మేజర్ లీగ్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఇద్దరినీ తీసుకుంది. ఇద్దరూ మేజర్ లీగ్ దాకా మాత్రం చేరలేదు. చేతిలో స్పీడ్ ఉండటానికీ పిచర్ కావడానికీ మధ్య ఉన్న దూరం అది.

స్పీడ్ అసలు ఎక్కడి నుంచి వస్తుంది? భుజం బలమేనా?

కాళ్ల నుంచి మొదలవుతుంది. వెనక కాలితో మౌండ్‌ని నెట్టి, ముందు కాలు చాలా దూరం, ఇంచుమించు తన ఎత్తంత దూరం వేసి, ఆ కాలు గట్టిగా ఆగితే ఆ ఊపు తుంటికి, నడుముకి, భుజానికి, మోచేతికి, ఆఖర్న వేళ్లకి పాకుతుంది. తుంటి ముందుకి తిరిగిపోయి భుజం ఇంకా వెనకే ఉండే ఒక్క క్షణం ఉంటుంది చూడండి, సాగదీసిన రబ్బరులా ఒళ్లంతా మెలితిరిగి ఉంటుంది, స్పీడంతా అక్కడిదే. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి పక్కనుంచి తీస్తే మీకే కనిపిస్తుంది. ముందు పాదం నేల తాకేసరికి ఛాతీ అప్పటికే బ్యాటర్ వైపు తిరిగిపోయి ఉంటే, ఇక మిగిలింది చెయ్యి ఒక్కటే. వాడు చేత్తోనే విసురుతున్నాడు, సాయంత్రానికి అదే నొప్పి పెడుతుంది.

మిగతాది ఎదుగుదల. 13 నుంచి 16 మధ్య పిల్లలు ఒకేసారి పొడుగవ్వరు. ఒకడికి తొమ్మిదో తరగతికే మీసం వస్తుంది, ఇంకొకడు పదకొండులో ఒక్క వేసవిలో నాలుగంగుళాలు పెరుగుతాడు. ముందు పెరిగినవాడు 14కే 78 వేసి అక్కడే ఆగిపోవడం, వెనకబడ్డవాడు 17కి వచ్చి దాటేయడం ప్రతి జట్టులోనూ చూస్తాం. వాళ్ల తాతల, మేనమామల ఎత్తు కూడా చూసుకోండి, దాన్ని ఏ కోచింగూ మార్చలేదు.

తిండి సంగతి కూడా చెప్పేస్తాను. పొడుగ్గా, సన్నగా, 130 పౌండ్లు ఉన్న కుర్రాడు మంచి ఫామ్‌తో వేసినా ఒక చోట ఆగిపోతాడు. మన ఇళ్లలో అన్నం ఎక్కువ, పప్పు తక్కువ, గుడ్డు వారానికి రెండుసార్లు. కోచ్ దగ్గర గంటకి 80 డాలర్లు పోసే ముందు, పిల్లవాడికి పూటపూటకీ గుడ్లో, చికెనో, పనీరో, శనగలో సరిపడా పెడుతున్నామా, రాత్రి పదకొండులోపే ఫోన్ ఆపి పడుకుంటున్నాడా అని చూసుకోండి. 15–20 పౌండ్లు ఆరోగ్యంగా పెరిగినవాడికి స్పీడ్ దానంతటదే కలిసొస్తుంది.

ఏడాదికి ఎంత పెరుగుతుందని ఆశపడొచ్చు?

14–16 మధ్య ఏడాదికి మూడు నుంచి ఐదు మైళ్లు. 17 దాటాక ఒకటి రెండు. మధ్యలో ఒక ఏడాది అసలు కదలకపోవడం కూడా మామూలే. "ఆరు వారాల్లో పది మైళ్లు" అని ఎవరైనా ప్రకటన ఇస్తే డబ్బు జేబులోనే ఉంచండి.

బరువు బంతులతో ట్రైనింగ్ మంచిదేనా?

మామూలు బంతి బరువు ఐదు ఔన్సుల పైచిలుకు. అంతకన్నా బరువైనవి, తేలికైనవి మార్చి మార్చి విసిరే ప్రోగ్రాములు ఇప్పుడు ప్రతి అకాడమీలోనూ ఉన్నాయి. స్పీడ్ పెరుగుతుంది, అది నిజం. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో 13–18 ఏళ్ల పిచర్లతో ఆరు వారాలు చేయిస్తే స్పీడ్ 3.3 శాతం పెరిగింది. 75 వేసేవాడికి రెండున్నర మైళ్లు అన్నమాట. అదే అధ్యయనంలో ఆ బంతులు వాడిన గుంపులో 24 శాతం మంది గాయపడ్డారు. నాకైతే ఇంకా పెరుగుతున్న పదో తరగతి పిల్లవాడికి ఈ బేరం గిట్టుబాటుగా కనిపించదు. పన్నెండులో ఉండి, ఒళ్లు గట్టిపడి, పక్కన తెలిసిన ట్రైనర్ ఉంటే అప్పుడు ఆలోచించొచ్చు.

మోచేయి నొప్పి అంటున్నాడు. స్పీడ్‌కీ దానికీ సంబంధం ఉందా?

ఉంది. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

మోచేతి లోపలివైపు ఎముకల్ని పట్టి ఉంచే ఒక లిగమెంట్ ఉంటుంది, యూసీఎల్ అంటారు. ప్రతి గట్టి పిచ్‌కీ దాని మీద అది తట్టుకోగలిగినంత భారం ఇంచుమించు పూర్తిగా పడుతుంది. కండలు పెంచొచ్చు, లిగమెంట్‌ని అలా పెంచలేం. చిన్నపిల్లల్లో అయితే దానికన్నా ముందు ఎముక చివర ఇంకా గట్టిపడని గ్రోత్ ప్లేట్ దెబ్బతింటుంది, దాన్నే "లిటిల్ లీగ్ ఎల్బో" అంటారు. లిగమెంట్ తెగితే వేరే చోటి నుంచి టెండన్ తీసి కట్టాలి. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి ఆ ఆపరేషన్ చేసిన పిచర్ టామీ జాన్, అందుకే దానికి ఆ పేరు. కోలుకోవడానికి ఏడాది, ఏడాదిన్నర.

"ఆపరేషన్ చేయిస్తే స్పీడ్ పెరుగుతుందట కదా" అని అడిగిన నాన్నలు ఉన్నారు. పెరగదు. ఏడాదిపాటు పద్ధతిగా కసరత్తు చేయడం వల్ల, ఈలోగా వయసు పెరగడం వల్ల కొందరిలో అలా కనిపిస్తుంది, అంతే.

స్పీడ్ ఎక్కువున్నవాళ్ల కథలే చూడండి. టెక్సస్ కుర్రాడు టైలర్ కోలెక్ హైస్కూల్లో 100 దాటించాడు, 2014 డ్రాఫ్ట్‌లో మయామి జట్టు రెండో పిక్‌గా తీసుకుంది. 2016లో ఆపరేషన్, మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అదే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ బ్రేడీ ఐకెన్‌కి మరుసటి ఏడాదే ఆపరేషన్. పైన చెప్పిన హంటర్ గ్రీన్‌కి 2019లో. అతను తిరిగొచ్చి బ్రహ్మాండంగా వేశాడు, అందరికీ ఆ అదృష్టం ఉండదు. లారీ ఇంజన్ తెచ్చి ఆటోకి బిగించినట్టు, ఒళ్లు ఇచ్చే శక్తిని ఆ వయసు మోచేయి మోయలేకపోతుంది. 2024 డిసెంబర్‌లో మేజర్ లీగ్ బేస్‌బాల్ స్వయంగా ఒక రిపోర్ట్ విడుదల చేసి, ఎప్పుడూ ఫుల్ స్పీడ్ కోసం పాకులాడటమే పిచర్ల గాయాలకు పెద్ద కారణమని ఒప్పుకుంది.

అలాగని స్పీడే ఒక్క దోషి కాదు. అలసిపోయాక కూడా వేయించడం అంతకన్నా పెద్ద నేరం. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్ పెట్టిన సంస్థ 2006లో చేసిన అధ్యయనంలో, చెయ్యి అలసినా తరచూ వేస్తూ పోయినవాళ్లకి ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం 36 రెట్లు ఎక్కువని తేలింది. ఏడాదికి ఎనిమిది నెలలకు మించి పిచింగ్ చేసినవాళ్లకి ఐదు రెట్లు.

అందుకే మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి "పిచ్ స్మార్ట్" అని లెక్కలు పెట్టాయి. 15–16 ఏళ్ల వాళ్లకి రోజుకి 95 పిచ్‌లు మించకూడదు, 17–18కి 105. 30 దాటితే ఒక రోజు విశ్రాంతి, 45 దాటితే రెండు, 60 దాటితే మూడు, ఆ పైన 75–80 దాటితే నాలుగు రోజులు. ఏడాదిలో నాలుగు నెలలు పిచింగ్‌కి పూర్తి సెలవు. 2017 నుంచి ప్రతి రాష్ట్ర హైస్కూల్ సంఘానికీ పిచ్‌ల సంఖ్య మీద ఏదో ఒక పరిమితి పెట్టుకోవాలన్న నియమం కూడా వచ్చింది.

కాగితం మీద అంతా బాగుంది. చిక్కు ఎక్కడంటే, మంగళవారం స్కూల్ జట్టుకి 70 వేస్తాడు, శనివారం ట్రావెల్ జట్టుకి (స్కూల్ బయటి క్లబ్ జట్టు) ఇంకో 80. స్కూల్ కోచ్‌కి శనివారం సంగతి తెలియదు, ట్రావెల్ కోచ్ మంగళవారం గురించి అడగడు. రెండూ కలిపి లెక్క రాయాల్సింది ఇంట్లో మనమే. మాకు తెలిసిన ఒక ట్రావెల్ జట్టులో అయితే పిచింగ్ అయిపోయిన కుర్రాణ్ని అదే రోజు రెండో మ్యాచ్‌కి క్యాచర్‌గా కూర్చోబెట్టారు. క్యాచర్ ప్రతి బంతికీ తిరిగి విసరాలి, అది విశ్రాంతి ఎలా అవుతుంది? వాళ్ల నాన్న వెళ్లి అడిగితే "పిచ్‌లు లెక్కలోనే ఉన్నాయి సర్" అన్నారట.

పిల్లలు నొప్పి చెప్పరు, చెబితే కూర్చోబెడతారని భయం. కాబట్టి చూసి పట్టుకోవాలి. బంతి వేశాక చెయ్యి కిందికి విదిలించుకోవడం, మధ్యమధ్యలో మోచేతి లోపలివైపు బొటనవేలితో నొక్కుకోవడం, నాలుగో ఇన్నింగ్స్ నుంచి పిచ్‌లన్నీ ఉన్నట్టుండి బ్యాటర్ ఛాతీ ఎత్తుకి లేవడం, ఇంటికొచ్చాక కుడి చేతివాటం వాడు ఎడమ చేత్తో కారు డోర్ తీయడం. ఇందులో ఏది కనిపించినా ఆ వారం బంతి ముట్టనివ్వకండి. నొప్పి మోచేతి లోపలివైపు రెండు మూడు రోజులు అలాగే ఉంటే స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇండియా నుంచి తెచ్చిన నొప్పి బామ్ రాసి ఆదివారం మ్యాచ్‌కి పంపించడం వైద్యం కాదు.

కర్వ్‌బాల్ (గాలిలో వంగి పడే బంతి) ఎప్పుడు నేర్పించొచ్చు?

పాతకాలపు కోచ్‌లు మీసం వచ్చాకే అంటారు. ల్యాబ్‌లో కొలిస్తే మోచేతి మీద భారం ఫాస్ట్‌బాల్‌కే ఎక్కువ కనిపిస్తుంది, కర్వ్‌బాల్‌కి కాదు. కానీ 2002లో పిల్లల మీద చేసిన అధ్యయనంలో స్లైడర్ (చివర్లో పక్కకి జారే బంతి) వేసేవాళ్లలో మోచేతి నొప్పి బాగా ఎక్కువగా కనిపించింది. నా లెక్కలో ముందు ఫాస్ట్‌బాల్ చెప్పిన చోట పడాలి, తర్వాత చేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా వేసినా నెమ్మదిగా వచ్చే బంతి), 14–15లో కర్వ్, స్లైడర్‌కి తొందరేమీ లేదు. హైస్కూల్ స్థాయిలో 76 ఫాస్ట్‌బాల్‌కి తోడు అదే చేతి ఊపుతో వచ్చే 67 చేంజప్ ఉంటే చాలామంది బ్యాటర్లకి చుక్కలు కనిపిస్తాయి.

కాలేజీలో ఆడాలంటే ఎంత కావాలి?

పెద్ద కాన్ఫరెన్స్‌ల (కాలేజీ లీగ్‌ల) డివిజన్ 1, అంటే పై స్థాయి స్కూళ్లకి కుడి చేతివాటం పిచర్ 88–92లో నిలకడగా ఉండాలి. మిగతా డివిజన్ 1కి 85–89, డివిజన్ 2కి 83–87, డివిజన్ 3కి 78–84 ఉన్నా దారి ఉంటుంది. ఎడమ చేతివాటం వాడికి రెండు మూడు మైళ్లు తక్కువైనా సర్దుకుంటారు, అలాంటివాళ్లు తక్కువ కాబట్టి.

హైస్కూల్లో ఆడే ప్రతి వంద మందిలో ఏ స్థాయిలోనైనా ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల సంఘం) కాలేజీ బేస్‌బాల్ ఆడేది సుమారు ఏడుగురు, అందులో డివిజన్ 1 ఇద్దరు. స్కాలర్‌షిప్ కోసమే అయితే ఖర్చూ రాబడీ ముందే లెక్కేసుకోండి: ట్రావెల్ జట్టు ఫీజులు, షోకేసులు (కోచ్‌ల ముందు ఆడి చూపించే ఈవెంట్లు), హోటళ్లు, పిచింగ్ కోచ్. చాలా ఏళ్లపాటు డివిజన్ 1 జట్టుకి మొత్తం 11.7 స్కాలర్‌షిప్పులే ఉండేవి, వాటినే పాతిక మందికి పైగా పంచేవారు. 2025–26 నుంచి నియమం మారింది, చాలా స్కూళ్లకి ఇప్పుడు ఆటగాళ్ల సంఖ్య మీదే పరిమితి, 34. అయినా అందరికీ పూర్తి ఫీజు వస్తుందనుకోవద్దు.

మనవాళ్లకి పనికొచ్చే మాట ఒకటుంది. ఎంఐటీ, జాన్స్ హాప్కిన్స్, యూనివర్సిటీ ఆఫ్ చికాగో, ఎమరీ, ఇవన్నీ బేస్‌బాల్‌లో డివిజన్ 3. ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వవు, కానీ మార్కులు ఎలాగూ ఉన్న కుర్రాడికి 82 మైళ్ల ఫాస్ట్‌బాల్ కూడా ఉంటే అక్కడి కోచ్ ఈమెయిల్‌కి జవాబిస్తాడు.

భారతీయ మూలాలున్న వాళ్లు ఎవరైనా పై స్థాయికి వెళ్లారా?

కుమార్ రాకర్. వాళ్లమ్మ తల్లిదండ్రులు ఇండియా నుంచి అమెరికా వెళ్లినవాళ్లు, నాన్న ట్రేసీ రాకర్ పేరున్న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. జార్జియాలో హైస్కూల్లోనే 95 మైళ్లకు పైన వేశాడు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున 2019లో డ్యూక్ యూనివర్సిటీ మీద 19 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో ఔట్ చేయడం) తీసి నో-హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ జట్టు డ్రాఫ్ట్ చేసి, మెడికల్ రిపోర్టులు చూసి వెనక్కి తగ్గింది. 2022లో టెక్సస్ రేంజర్స్ మూడో పిక్‌గా తీసుకుంది, 2023లో టామీ జాన్ ఆపరేషన్ అయింది, 2024 సెప్టెంబర్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు.

స్పీడ్ లేకుండా నెట్టుకురావడం కుదురుతుందా?

హైస్కూల్లో నిక్షేపంగా కుదురుతుంది. 74 వేస్తూ, మోకాళ్ల ఎత్తులో బయటి అంచున పదికి ఏడు పడేసేవాడిని కొట్టడం ఈ వయసు బ్యాటర్లకి చాలా కష్టం. పై స్థాయిలో ఇప్పుడు దారి ఇరుకైంది, అది కూడా దాచకుండా చెప్పాలి. మేజర్ లీగ్ పిచర్ గ్రెగ్ మాడక్స్ 90 మైళ్ల లోపు ఫాస్ట్‌బాల్‌తోనే చాలా ఏళ్లు ఆడి 355 మ్యాచ్‌లు గెలిచాడు. జేమీ మోయర్ అంతకన్నా నెమ్మదిగా వేస్తూ 49 ఏళ్ల దాకా ఆడాడు. వాళ్లిద్దరి పేర్లూ ప్రతి కోచ్ చెబుతాడు. ఇవాళ అదే స్పీడ్‌తో ఒక 18 ఏళ్ల కుర్రాడు వస్తే డ్రాఫ్ట్‌లో పిలుస్తారా అంటే పిలవరు.

పదకొండో తరగతి, 73 దగ్గరే ఉన్నాడు. పిచింగ్ మానేయమనాలా?

వాడు అడిగాడా, మీరు అడుగుతున్నారా? వాడికి ఇష్టమైతే ఆడనివ్వండి. రిలీఫ్‌లో, అంటే మొదటి పిచర్ తర్వాత వచ్చి, ఒకటి రెండు ఇన్నింగ్స్ వేసేవాళ్లు ప్రతి జట్టుకీ కావాలి. రెండో పొజిషన్ కూడా నేర్పించండి, సెకండ్ బేసో, అవుట్‌ఫీల్డో. మేజర్ లీగ్ పిచర్ జేకబ్ డిగ్రామ్ కాలేజీలో చాలాకాలం షార్ట్‌స్టాప్ (ఒక ఫీల్డింగ్ స్థానం), పిచింగ్ మొదలుపెట్టింది మూడో ఏడాదిలో, తర్వాత రెండుసార్లు సై యంగ్ (ఏడాదిలో ఉత్తమ పిచర్) అవార్డు. అందరూ డిగ్రామ్‌లు కారనుకోండి, 17కే తలుపులు మూసేయక్కర్లేదని చెప్పడానికి ఆయన పేరు తెచ్చాను.

ఇంతకీ రాడార్ గన్ కొనాలా?

అవసరం లేదు. కొనాలనే ఉంటే మూడు నాలుగు వందల డాలర్లలో వచ్చే పాకెట్ రాడార్ చాలు, వెయ్యి దాటే స్టాకర్ మీకెందుకు. నెలకోసారి, బాగా వార్మప్ అయ్యాక, క్యాచర్ వెనక నేరుగా నిలబడి పది ఫాస్ట్‌బాల్స్ కొలవండి. అన్నిటికన్నా పెద్ద అంకె కొట్టేసి మిగతా తొమ్మిదింటి సగటు రాసుకోండి. పక్కనే ఆ పదిలో స్ట్రైక్‌లు ఎన్నో కూడా రాయండి. వాడు అడిగితే చెప్పండి, అడగకపోతే పుస్తకం కారు డ్యాష్‌బోర్డులో పడేసి ఇంటికి రండి.